అంగుళం తక్కువ చెయ్యి

మార్చి రెండో వారం నాటికి లెండెల్ గిల్లోరీ దగ్గరున్న సరుకు ఇది: కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో నాలుగేళ్ళ ఆట, అందులో లెఫ్ట్ టాకిల్‌గా ముప్పై ఎనిమిది మ్యాచ్‌లు. ఆ ముప్పై ఎనిమిదింటిలో అతన్ని దాటుకుపోయి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టినవాళ్ళు ఇద్దరంటే ఇద్దరు. మూడొందల పది పౌన్ల ఒళ్ళు. రెండొందల పాతిక పౌన్ల ఇనుప కడ్డీని దించకుండా ముప్పై ఒక్కసారి ఎత్తగల ఛాతీ. ఒక మంచి మోకాలు, ఇంకొకటి ఫరవాలేదనిపించే మోకాలు. జట్టు కెప్టెన్ అన్న పేరు.

తక్కువైంది ఒక్కటే. చెయ్యి.

లెఫ్ట్ టాకిల్ అంటే బంతి విసిరేవాడి వీపు కాసే మనిషి. అవతలి జట్టులో అందరికంటే చురుకైనవాడు బయటి వైపు నుంచి చుట్టి వస్తాడు. ఎదుటివాడి ఛాతీ మీద ముందుగా ఎవడి చెయ్యి పడితే గెలుపు వాడిది. అందుకే ఏప్రిల్‌లో కుర్రాళ్ళను ఎంచుకునే ముందు, డబ్బిచ్చి ఆడించే పెద్ద జట్లు మనుషుల్ని పంపి చేతులు కొలిపిస్తాయి, భుజం ఎముక కొస నుంచి నడిమి వేలి కొస దాకా. ముప్పై నాలుగు అంగుళాలుంటే బంగారం. ముప్పై మూడుంటే బేరానికి కూర్చోవచ్చు. అంతకు తగ్గితే ఆ కుర్రాడి కాగితం అడుక్కి పోతుంది. లెండెల్ చెయ్యి ముప్పై రెండు, పైన అర అంగుళం చిల్లర.

ఆ చిల్లరను పెంచడానికి అతను చెయ్యని పని లేదు. ఏడు వారాలు రోజూ గంటసేపు కడ్డీకి వేలాడాడు. భుజాలు సాగదీయడానికి ఒకావిడ దగ్గరికి వెళ్ళాడు. క్రిస్మస్ ముందు నుంచి కుడి చేతి నడిమి వేలి గోరు కత్తిరించడం మానేశాడు. అది విరక్కుండా ఆటలో టేపు చుట్టుకునేవాడు. ఎందుకని ఎవరైనా అడిగితే వేలు బెణికిందనేవాడు.

ఇంత కష్టం పడేవాడికి దేవుడు ఒకే ఇంట్లో, పక్క గదిలో ట్రేవియన్ పెల్హమ్‌ను పెట్టాడు.

ట్రేవియన్ బ్యూమాంట్ అనే ఊరి నుంచి వచ్చిన బాస్కెట్‌బాల్ కుర్రాడు. రెండేళ్ళ కిందట ఆ జట్టులో చోటు దొరక్క ఫుట్‌బాల్ వైపు వచ్చాడు. ఎలా నిలబడాలో, ఏ కాలు ముందు వెయ్యాలో నేర్పింది లెండెలే. మొత్తం ఆడినవి పదకొండు మ్యాచ్‌లు, అవీ కుడి పక్కన. వాటిలో అతన్ని ఎంతమంది దాటిపోయారో జట్టులో ఎవరూ పైకి లెక్కపెట్టలేదు. కానీ ఆరడుగుల ఆరంగుళాల ఎత్తు, మోకాళ్ళ దాకా వేలాడే చేతులు. సోఫాలోంచి లేవకుండానే ఫ్రిజ్ మీదున్న బ్రెడ్డు అందుకునేవాడు. అది చూసినప్పుడల్లా లెండెల్ తింటున్న పళ్ళెం పక్కకు నెట్టేవాడు. ఆ చేతులు వాడు సంపాదించినవా? ఒక్క పూట కడ్డీకి వేలాడాడా? పుట్టుకతో వచ్చిన మూలధనం మీద వాడు వడ్డీ తింటున్నాడు, తను మాత్రం రోజుకూలీ మీద బతుకుతున్నాడు.

ఈ కొలతల పరీక్షకి, ప్రో డేకి, పెద్ద జట్ల తరఫున ఇరవై ఇద్దరు స్కౌట్లు వస్తున్నారని కోచ్ చెప్పినప్పుడు లెండెల్ సంతోషించాడు. వాళ్ళంతా వస్తున్నది ట్రేవియన్ కోసమని తరవాత తెలిసింది.

ముందురోజు సాయంత్రం ట్రేవియన్ గుమ్మంలో నిలబడి, పై చట్రం మీద అరచేతులు ఆనించి అడిగాడు.

“అంకుల్, రేపు తూకం మూడొందలు చూపించాలంట. మా ఏజెంటు ఫోన్ల మీద ఫోన్లు. ఇప్పుడు రెండొందల తొంభై మూడున్నాను. ఏం చెయ్యను?”

లెండెల్‌ వాడికంటే రెండేళ్ళే పెద్ద. అయినా జట్టులో చేరిన మొదటి రోజు నుంచీ వాడికి అంకులే.

“తిను,” అన్నాడు లెండెల్.

“తింటే పొద్దుటికి ఏడు పౌన్లొస్తాయా ఏంటి?”

“రావు. పొద్దున లేచి గాలన్ నీళ్ళు తాగు, అవే ఎనిమిది పౌన్లుంటాయి. తూకం అయ్యేదాకా బాత్రూం వైపు చూడకు.”

“మరి నలభై గజాల పరుగో?”

“తూకం ఎనిమిదింటికి, పరుగు పదకొండింటికి. మూడు గంటల్లో అంతా పోతుంది. ఒకటికి పదిసార్లు వెళ్ళొచ్చు.”

“నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణి అంకుల్,” అని నవ్వి వెళ్ళిపోయాడు.

అప్పటిదాకా లెండెల్ చెప్పినది మంచి సలహానే. అరగంట తరవాత కోచ్ ఫోన్ చేశాడు.

“పది గంటలకల్లా వాన పడుతుందంట. పరుగు ముందుకు జరిపాం. కొలతలవ్వగానే మైదానంలోకి. నువ్వు కెప్టెన్‌వి, అందరికీ చెప్పు.”

“చెప్తాను కోచ్.”

రేపు పరిగెత్తేవాళ్ళు తను కాక ఏడుగురు. ఆరుగురికి ఫోన్ చేసి చెప్పాడు. ఏడోవాడికి ఫోన్ అక్కర్లేదు, పక్క గదిలోనే ఉన్నాడు. లెండెల్ లేచి తలుపు దాకా వెళ్ళాడు. లోపల ట్రేవియన్ వాళ్ళమ్మతో మాట్లాడుతున్నాడు. “మొదటి రౌండులోనే ఎంచుకుంటారా? అంత లేదమ్మా. రెండో మూడో అంటున్నారు,” అంటూ నవ్వుతున్నాడు. మంచం మీద పడుకునే చెయ్యి చాపి కిటికీ రెక్క మూశాడు.

లెండెల్ తలుపు కొట్టకుండా వెనక్కి తిరిగాడు.

పొద్దున వ్యాయామశాలలో స్కౌట్లు బెంచీల మీద కూర్చున్నారు, ఒళ్ళో కాగితాలు. కుర్రాళ్ళు నిక్కర్లతో వరసలో నిలబడ్డారు. కొలిచేది స్టాడర్డ్ అనే ముసలాయన. డెబ్బై ఏళ్ళుంటాయి, ఏ జట్టు టోపీ పెట్టుకున్నా అందరూ ఆయన టేపునే నమ్ముతారు. ఆయన కొలిచి అంకె అరుస్తాడు, మిగతావాళ్ళు రాసుకుంటారు. అంగుళాలు ముందు, ఆ తరవాత ఎనిమిదో వంతులు. ముప్పై మూడూ నాలుగు అంటే ముప్పై మూడున్నర.

లెండెల్ భుజం కిందికి జార్చి, వేళ్ళు బిగుతుగా చాచాడు. టేపు భుజం నుంచి చల్లగా జారి వేలి కొసకు చేరింది. స్టాడర్డ్ అరవడానికి నోరు తెరిచి ఆగాడు. కళ్ళజోడు పైకి జరిపి వేలిని వెలుతురులోకి తిప్పాడు.

“ఇదేంటబ్బాయ్?”

“గోరు సార్.”

“గిటారు వాయిస్తావా?”

“లేదు సార్.”

“మీ ఆవిడ వీపు గోకుతావా?”

బెంచీల మీద నవ్వులు లేచాయి. స్టాడర్డ్ నవ్వలేదు. జేబులోంచి గోళ్ళ కత్తెర తీశాడు. “ఏడాదికొకడు దొరుకుతాడు. అందుకే ఇది జేబులో పెట్టుకుంటాను. గోటితో ఎవణ్ణి ఆపుతావు నాయనా?”

టక్కుమని మూడు నెలల పెట్టుబడి కింద పడింది.

“ముప్పై రెండూ ఐదు!”

ఇరవై ఒక్క కలాలు గీశాయి. కడ్డీకి వేలాడినందుకు రాబడి అంగుళంలో ఎనిమిదో వంతు. గోరు మిగిలుంటే ముప్పై మూడు పడేది.

లెండెల్ పక్కకు జరగబోతుంటే స్టాడర్డ్ గొంతు తగ్గించి అడిగాడు. “ఎప్పుడైనా సెంటరాడావా?”

సెంటర్ అంటే వరస నడుమ వంగి, కాళ్ళ సందులోంచి బంతిని వెనక్కి అందించేవాడు. లెండెల్ వెనకే వరసలో ట్రేవియన్ నిలబడి ఉన్నాడు, నీళ్ళతో ఉబ్బిన పొట్ట మీద ఆ పొడుగాటి చేతులు పెట్టుకుని. లెఫ్ట్ టాకిల్ చోటు వీడికిచ్చి నన్ను నడుమకి తోస్తున్నారన్నమాట అనుకున్నాడు లెండెల్.

“నేను లెఫ్ట్ టాకిల్‌ని సార్.”

“నేనడిగింది అది కాదు.”

“ఆడలేదు సార్. ఆడను కూడా.”

స్టాడర్డ్ వరస వైపు తిరిగి, “తరవాతివాడు!” అని అరిచాడు.

ట్రేవియన్ ముందుకొచ్చాడు. తూకం మూడొందల ఒకటి. ఎత్తు ఆరడుగుల ఆరు. టేపు భుజం నుంచి బయల్దేరి వెళ్ళింది, వెళ్ళింది, ఇంకా వెళ్ళింది.

“ముప్పై ఐదూ రెండు!”

ఎవరో ఈల వేశారు. ఒక కుర్ర స్కౌటు వినపడలేదన్నట్టు మళ్ళీ అడిగాడు. స్టాడర్డ్ మళ్ళీ చెప్పాడు. అంకెను రెండోసారి వినాల్సి రావడం లెండెల్‌కు చెంప మీద రెండో దెబ్బలా తగిలింది.

అయిదు నిమిషాల్లో అందర్నీ మైదానంలోకి తోలారు. దక్షిణం వైపు మబ్బు నల్లగా పట్టింది.

“ఇప్పుడా?” అన్నాడు ట్రేవియన్. “పదకొండింటికి కదా? అంకుల్, ఏంటిది?”

లెండెల్ బూటు లేసు కట్టుకుంటున్నాడు. కట్టినదే విప్పి మళ్ళీ కట్టాడు.

“వానొస్తుందంట,” అన్నాడు తల ఎత్తకుండా.

నలభై గజాల పరుగు. లెండెల్ ఐదు సెకన్ల పన్నెండు వందోవంతుల్లో ముగించాడు, అంత ఒంటికి మంచి పరుగే. ట్రేవియన్ గీత దగ్గర వంగేసరికే మొహం పాలిపోయింది. బయల్దేరాడు. ఇరవయ్యో గజం దగ్గర కడుపులో నీళ్ళు కదులుతున్న చప్పుడు పక్కవాళ్ళకు వినపడింది. ఐదు సెకన్ల నలభై ఆరు. గీత దాటి రెండడుగులు వేసి, మోకాళ్ళ మీద కూలబడి గాలన్ నీళ్ళూ గడ్డి మీద కక్కాడు.

లెండెల్‌కు లోపల వెచ్చగా అనిపించింది. పొద్దుటి నుంచి అదే మొదటిసారి. ఆ వెచ్చదనం స్కౌట్ల వెనక నుంచి నడిచేదాకా ఉంది.

“గాలన్ మింగాడు చూడు, పాపం,” అన్నాడొకడు.

“ఖాళీ కడుపుతో ఐదూ పది పరిగెడతాడులే.”

“అసలు పరిగెత్తకపోయినా నాకేం? నీళ్ళు పోతాయి, చెయ్యి పోదు కదా.”

కుర్ర స్కౌటు ట్రేవియన్‌కు తువ్వాలు ఇచ్చి వీపు రాస్తున్నాడు. లెండెల్ ఐదూ పన్నెండు గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. దొంగతనం చేసి ఇంటికొచ్చి మూట విప్పితే అందులో గుడ్డపేలికలున్నట్టుంది అతని పరిస్థితి.

వాన మొదలైంది. అందరూ లోపలికి పరిగెత్తారు. ప్రేక్షకుల స్టాండు కింద, పొద్దుట కొలతలు కూడా గుమ్మంలోంచి చూసిన లెండెల్ తండ్రి అల్సీడ్ కాగితం సంచితో నిలబడి ఉన్నాడు. సంచిలో వేడి బూడిన్, బియ్యమూ మాంసమూ కూరిన సాసేజి. అల్సీడ్ వృత్తి పశువుల్ని కొనడం, అమ్మడం. శనివారం వేలంలో దూడను చూసి తూకం చెప్తే కాటాలో అయిదు పౌన్లు తేడా రాదు.

“తిను,” అని ఒక ముక్క ఇచ్చాడు. “ఆ టేపాయన నిన్నేదో అడిగాడు. ఏంటది?”

“సెంటరాడావా అని.”

“నువ్వేమన్నావు?”

“ఆడనన్నాను డాడీ. నేను లెఫ్ట్ టాకిల్‌ని.”

“ఎవరన్నారు?”

“ఎవరనేదేంటి? మూడేళ్ళు ఆడాను!”

“ఇక్కడికొచ్చిన ఇరవై ఇద్దర్లో ఒక్కడన్నాడా ఇవాళ?”

లెండెల్ బూడిన్ కొరికాడు.

“నలభై ఏళ్ళుగా వేలంలో కూర్చుంటున్నాను,” అన్నాడు అల్సీడ్ వేళ్ళు నాక్కుంటూ. “కొననివాడు రాసుకుని పోతాడు. కొనాలనుకున్నవాడు పక్కకొచ్చి చిన్నగా ఏదో అడుగుతాడు, ఈనిందా, పళ్ళెన్ని, మేత తింటుందా అని. పాల ఆవు కావాలని ఒకడొస్తే, లేదు దీన్ని మాంసానికే అమ్ముతానని నేను మొండికేస్తే ఏమవుతుంది? సాయంత్రం అది మళ్ళీ మన ట్రైలరే ఎక్కుతుంది. డీజిలు దండగ.”

“నేను ఆవునా?”

“ఆవుకి నీకంటే బుద్ధి ఎక్కువ. అది పక్క ఆవు కొమ్ములు చూస్తూ నిలబడదు. పొద్దుటి నుంచి చూస్తున్నాను, నీ కళ్ళు ఆ పొడుగోడి చేతుల మీదే ఉన్నాయి. నిన్ను చూడ్డానికి ఒకడొచ్చి నిలబడితే వాణ్ణి చూడలేదు.”

లెండెల్ బూడిన్ ముక్క సగం తిని తిరిగి సంచిలో పెట్టాడు. లోపలికి నడిచాడు.

స్టాడర్డ్ టేపు చుట్టి పెట్టెలో సర్దుకుంటున్నాడు.

“సార్, ఆ సెంటర్ సంగతి. ఇప్పుడు చూస్తారా?”

“ఆడనన్నావుగా?”

“అన్నాను సార్.”

“ఇందాక ఆడనన్నవాడు ఇప్పుడు ఆడతానంటే నేనేమనుకోవాలి?”

“మా డాడీ తిట్టాడని అనుకోండి సార్.”

ముసలాయన మొదటిసారి నవ్వాడు. “వాన తగ్గేదాకా ఉంటాను. బంతి పట్టు.”

మొదటి బంతి, వెనక నిలబడ్డ జట్టు క్వార్టర్‌బ్యాక్ తల మీదుగా వెళ్ళి గోడకు తగిలింది. రెండోది వాడి చీలమండల దగ్గర పడింది. మూడోది చేతుల్లోకి వెళ్ళింది. నాలుగూ అయిదూ అలాగే వెళ్ళాయి.

“ఎదురుగా మనిషి లేకపోతే మా అమ్మమ్మ కూడా ఇస్తుంది,” అన్నాడు స్టాడర్డ్. “ఎవరైనా వచ్చి వీడి మీద పడండి.”

చాలామంది బట్టలు మార్చుకుని వెళ్ళిపోయారు. గోడకానుకుని కూర్చున్న ట్రేవియన్ లేచాడు. పెదాలు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

“నేనొస్తా.”

“నువ్వు కూర్చో,” అన్నాడు లెండెల్ గబుక్కున.

“కక్కేశాగా, ఇప్పుడు తేలిగ్గా ఉంది. వంగు అంకుల్.”

రెండేళ్ళుగా సాధనలో వీళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడ్డప్పుడల్లా ట్రేవియన్ చేతులే ముందు తగిలేవి. బయటి వైపున ఇద్దరి మధ్య గజం దూరం ఉంటుంది, ఆ గజంలో అంగుళానికి విలువ ఉంది. ఇక్కడ నడుమన ఎదుటివాడి ఊపిరి మొహాన తగిలేంత దగ్గర. బంతి కాళ్ళ సందులోంచి పోయిన మరుక్షణమే లెండెల్ రెండు చేతులూ వాడి పక్కటెముకల కింద ఉన్నాయి. ట్రేవియన్ పొడుగాటి చేతులు మోచేతుల దగ్గర మడత విప్పుకునే లోపల వాడు రెండడుగులు వెనక్కి వెళ్ళాడు.

“మళ్ళీ,” అన్నాడు స్టాడర్డ్.

పన్నెండుసార్లు చేశారు. తొమ్మిదిసార్లు ట్రేవియన్ వెనక్కే వెళ్ళాడు. స్టాడర్డ్ నేల మీద మోకాలు ఆనించి లెండెల్ నడుము వంగే తీరు చూశాడు, మడమలు చూశాడు. చేతుల వైపు చూడలేదు. చివరికి కాగితం మీద ఏదో రాసుకుని, పెట్టె మూసి, “నంబరివ్వు,” అన్నాడు.

ఆయన వెళ్ళాక ట్రేవియన్ నేల మీద వెల్లకిలా పడుకున్నాడు.

“నీకదే సరైన చోటు అంకుల్. ఇన్నాళ్ళూ ఎందుకాడలేదు? ఒకటి చెప్పు, పరుగు ముందుకు జరిపారని నాకొక్కడికే ఎందుకు తెలీలేదు? అందరూ తెలుసన్నారు.”

లెండెల్ అబద్ధం కోసం వెతికాడు. దగ్గర్లో ఏదీ దొరకలేదు.

“కోచ్ నన్ను చెప్పమన్నాడు. నీకు చెప్పలేదు.”

“మర్చిపోయావా?”

“లేదు.”

ట్రేవియన్ లేచి కూర్చున్నాడు. తన చేతుల్ని చూసుకున్నాడు.

“దీనికోసమా?” అన్నాడు కుడి చెయ్యి ఎత్తి.

“ఆ.”

“కోసి ఇమ్మంటావా?”

లెండెల్ కింద దొర్లుతున్న బంతిని తీసి పట్టుకున్నాడు.

“నాకు ఈ ఆటలో అ ఆలు నేర్పింది నువ్వు. జనం నా చేతుల గురించి మాట్లాడినప్పుడల్లా నాకు సిగ్గేసేది, నీ ముందు. నీ అంత ఆట రాదని నాకు తెలీదనుకున్నావా? నేను రోజూ నీ కాళ్ళు చూసి ఏడ్చేవాణ్ణి. అయినా నీ బూట్లు దాచిపెట్టలేదు.”

లేచి బూట్లు చేత్తో పట్టుకుని వానలోకి వెళ్ళిపోయాడు. ఆ ఆదివారమే సామాను సర్దుకుని వేరే ఇంటికి మారాడు.

ఏప్రిల్ చివర మూడు రోజుల ఎంపిక జరిగింది. ట్రేవియన్‌ను మూడో రౌండులో ఎనభై ఎనిమిదోవాడిగా తీసుకున్నారు, టాకిల్‌గా. ఏడు రౌండ్లూ అయ్యేసరికి లెండెల్ పేరు ఎవరూ పిలవలేదు. అల్సీడ్ టీవీ కట్టేసి ఆవులకు మేత వెయ్యడానికి వెళ్ళాడు. ఫోన్ మోగింది.

“మా శిబిరానికి రా, సెంటరుగానే,” అన్నాడు స్టాడర్డ్. “టాకిల్ అన్న మాట నోట్లోంచి వస్తే ఫోన్ పెట్టేస్తాను.”

“రాదు సార్.”

జులైలో స్టాడర్డ్ జట్టు శిబిరం తొంభై మందితో మొదలైంది. ఆగస్టు ఆఖరున యాభై ముగ్గుర్ని ఉంచుకుని మిగతావాళ్ళను పంపేశారు. లెండెల్ ఆ యాభై ముగ్గుర్లో లేడు. మర్నాడు మళ్ళీ పిలిచి సాధన జట్టులో చోటిచ్చారు. ఎవరికైనా దెబ్బ తగిలితే అతని వంతు వస్తుంది, లేకపోతే వారమంతా అసలు ఆటగాళ్ళ చేత గుద్దించుకోవడమే పని.

సెప్టెంబరు మొదటి ఆదివారం హోటల్ గదిలో టీవీ పెట్టాడు. వేరే ఊళ్ళో, వేరే జట్టులో ట్రేవియన్ కుడి పక్కన దిగాడు. రెండోసారి బంతి కదిలినప్పుడే ఒకడు వాడి కాళ్ళ తప్పు పట్టేసి చుట్టి వెళ్ళిపోయాడు. మూడోసారి ట్రేవియన్ చెయ్యి ఒక్కటి చాపి అదే మనిషిని గాల్లోనే ఆపేశాడు. లెండెల్ ఫోన్ తీసి, “ఎడమ కాలు ఆలస్యంగా వేస్తున్నావు. చూసుకో,” అని పంపాడు. చదివినట్టు తెర మీద టిక్కు పడింది. జవాబు రాలేదు.

మొత్తం మీద లెండెల్‌కు మిగిలింది ఇది: ఒక ఉద్యోగం, అది వారానికి వారం లెక్కన. ఒక కొత్త స్థానం, అందులో నెమ్మదిగా కుదురుకుంటున్న ఆట. పోయింది ఒక స్నేహితుడు. అసూయ ఎంత పెట్టుకుని బయల్దేరాడో అంతా అలాగే ఉంది, పైసా ఖర్చు కాలేదు.